పని నేర్చుకునే రోజులకూ జీతం

మిల్వాకీలో మా పక్కింటి అమ్మాయి ఎలక్ట్రీషియన్ అప్రెంటిస్. తెల్లారకముందే హెల్మెట్టు, టూల్ బెల్టు కార్లో పెట్టుకుని సైటుకు వెళ్తుంది. రెండు వారాలకోసారి సైటు మానేసి టెక్నికల్ కాలేజీకి వెళ్తుంది. క్లాసులో కూర్చున్న ఆ రోజుకూ కంపెనీ జీతం వేస్తుంది. ఆ అమ్మాయికి అది చాలా మామూలు విషయం. నాకు మాత్రం మనసు అక్కడే ఆగిపోయింది. మాది తెలంగాణలోని పెనుబల్లి. మా వైపు పని నేర్చుకోవడమంటే నేర్చుకున్నన్నాళ్లూ ఇంట్లో తిని, షాపులో ఊరికే చెయ్యడమే.

ఆ జీతం ఆ కంపెనీ దయ మీద ఆధారపడింది కాదు. మిల్వాకీ ఉన్న విస్కాన్సిన్ రాష్ట్రం 1911లోనే అప్రెంటిస్ చట్టం చేసింది. అమెరికాలో ఆ పని చేసిన మొదటి రాష్ట్రం ఇదే. దేశం మొత్తానికి చట్టం రావడానికి 1937 దాకా పట్టింది. అప్రెంటిస్‌గా చేరేటప్పుడు ఒక ఒప్పందం రాసుకుంటారు. దానిలో నేర్చుకునేవాళ్లు, పని ఇచ్చేవాళ్లు, రాష్ట్ర ప్రభుత్వం ముగ్గురూ ఉంటారు. ఏ పని ఎన్ని గంటలు నేర్పాలి, ఏ దశకు జీతం ఎంతకు పెరగాలి అన్నీ అందులోనే ఉంటాయి. ఏడాదికి 2,000 గంటల పని, దానికి తోడు 144 గంటల పాఠం అన్నది ఇక్కడ దేశమంతా ఎరిగిన లెక్క. చేరిన కొత్తలో పూర్తి పనివాడి జీతంలో దాదాపు సగంతో మొదలవడం మామూలు. చెయ్యి తిరిగే కొద్దీ మెట్టు మెట్టుగా అది పెరుగుతుంది.

ఒకసారి ఆ అమ్మాయి తను ఇనుప పైపు వంచే పద్ధతి వాళ్ల గరాజులో నాకు చూపించింది. వైర్లు లాగేందుకు గోడల వెంట వేసే పైపు అది. టేపుతో కొలిచి, పెన్సిలుతో గీత పెట్టి, వంపు తిప్పే పరికరంలో దూర్చి, పిడి పట్టుకుని కాలితో అదిమింది. చెయ్యి కంటే కాలి బరువే ఎక్కువ పడాలట. ఆ వంపు ఎంత పొడవు తినేస్తుందో ముందే లెక్క కట్టి గీత పెట్టకపోతే పైపు పొట్టిదై పనికిరాకుండా పోతుంది. ఆ లెక్క క్లాసులో చెప్పిన త్రికోణమితి. పుస్తకంలో చూసిన కోణం ఆ వారంలోనే కాలి కిందికి వచ్చింది. చెడిపోయిన పైపుల ఖర్చు కంపెనీదే. నేర్చుకునేవాళ్ల జీతంలోంచి ఎవరూ కోయరు.

మన దగ్గరా చట్టం ఉంది. 1961లో పార్లమెంటు అప్రెంటిస్‌ల చట్టం చేసింది. 30 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలు తమ సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలని 2019 నాటి నిబంధనలు చెబుతాయి. మా ఊరి పిల్లలకు ఈ సంగతి చట్టం పుస్తకంలో కాదు, నోటిఫికేషన్ల రూపంలో తెలుసు. కొత్తగూడెం సింగరేణిలో పడ్డాయనో, ఆర్టీసీ డిపోల్లో పడ్డాయనో, దక్షిణ మధ్య రైల్వేలో ‘యాక్ట్ అప్రెంటిస్’ పడ్డాయనో ఫోన్లలో ఒకరికొకరు పంపుకుంటారు. ఐటీఐ మార్కుల మెమో, కుల ధ్రువీకరణ పత్రం పట్టుకుని మీసేవ దగ్గర వరుస కడతారు.

మా మేనల్లుడు ఎలక్ట్రీషియన్ ట్రేడులో ఐటీఐ పూర్తిచేశాడు. మొన్న ఫోన్ చేసి అడిగాడు: “మామయ్యా, ఏడాది అప్రెంటిస్ చేసి వస్తే ఉద్యోగం ఇస్తారా?”

సూటిగా అవునని చెప్పలేకపోయాను. మన చట్టంలో అప్రెంటిస్ శిక్షణ పొందేవాడే గాని కార్మికుడు కాడు. శిక్షణ అయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలన్న బాధ్యత యజమాని మీద లేదు. ఉత్తరప్రదేశ్ ఆర్టీసీ కేసులో 1995లో సుప్రీంకోర్టు, మిగతా అర్హతలన్నీ సమానమైనప్పుడు శిక్షణ పొందిన అప్రెంటిస్‌కే ముందు అవకాశం ఇవ్వాలంది. రైల్వే తన కింది స్థాయి పోస్టుల్లో 20 శాతం తన దగ్గర శిక్షణ పొందిన అప్రెంటిస్‌లకు కేటాయించింది. ఇవి చిన్న విషయాలు కావు, వాడికి ఇవన్నీ చెప్పాను. ప్రమాదం జరిగితే పరిహారం చట్టంలోనే ఉందని కూడా చెప్పాను. అయినా ఏడాది తర్వాత చేతిలో సర్టిఫికెట్టు పెట్టి పంపేస్తే వాడు మళ్లీ నోటిఫికేషన్ల కోసం ఎదురుచూడాల్సిందే. 2019 నిబంధనల ప్రకారం ఐటీఐ చదివినవాడికి కనీస స్టైపెండు నెలకు 7,000 రూపాయలు. రెండో ఏడు ఉంటే పది శాతం పెరుగుతుంది. పక్కన అదే పని చేస్తున్న పర్మనెంటు ఎలక్ట్రీషియన్ జీతానికీ ఆ అంకెకూ ఏ సంబంధమూ లేదు. నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే. ఇక్కడ అమెరికాలో పూర్తి పనివాడి జీతం కొలబద్ద, అప్రెంటిస్ ఆ జీతం వైపు నడుస్తుంటాడు. మన దగ్గర పిల్లవాడు నడిచి ఎక్కడికి చేరతాడో కాగితం చెప్పదు.

తెలంగాణలో 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలైంది. కొత్త మిషన్లు రావడం నిజంగా సంతోషం. కానీ మిషను ముందు నిలబడి నేర్చుకున్నది షాపులో, గనిలో, సబ్‌స్టేషన్‌లో జీతం తీసుకుంటూ చేసే పనిగా మారకపోతే ఆ మిషన్ల మీద పెట్టిన డబ్బు సగమే ఫలిస్తుంది.

మా వైపు అసలు సాంకేతిక విద్య నేర్పింది వి.ఎం. బంజరులోని మోటారు వైండింగ్ షాపులే. లంకాసాగర్ ప్రాజెక్టు కింద వరి ఉన్నా, ఆ పైన పత్తి, మామిడి, పామాయిలు అంతా బోర్ల మీదే. కరెంటు ఎక్కువతక్కువలకు మోటారు కాలితే రైతు దాన్ని ట్రాక్టరులో వేసుకుని ఆ షాపుకే వస్తాడు. అక్కడ పిల్లవాడు మొదట నేర్చేది కాలిన చుట్టను కోసి, అందులో ఎన్ని చుట్లున్నాయో లెక్కపెట్టడం. తీగ మందం చూడాలి, ఏ గాడిలోంచి ఏ గాడిలోకి వెళ్లిందో కాగితం మీద రాసుకోవాలి. ఆ లెక్క తప్పితే కొత్త చుట్ట వేసినా మోటారు వేడెక్కి మళ్లీ కాలిపోతుంది. ఇంజనీరింగ్ కాలేజీలో నాలుగేళ్లు చదివి ఒక్క మోటారూ విప్పని పిల్లల్ని చూశాక ఆ షాపు మీద నాకు గౌరవం ఇంకా పెరిగింది. అక్కడ నేర్చుకున్నవాడికి మాత్రం ఏ కాగితమూ లేదు. నేర్చుకున్న ఏళ్లకు టీ డబ్బులు తప్ప జీతమూ లేదు.

నలుగురి నుంచి 29 మంది దాకా పనిచేసే చోట కూడా ఇష్టముంటే అప్రెంటిస్‌ను చట్టప్రకారం చేర్చుకోవచ్చు. 2016లో మొదలైన జాతీయ పథకం కింద స్టైపెండులో నాలుగో వంతు, 1,500 రూపాయలు మించకుండా, కేంద్రం భరిస్తుంది. 2023 నుంచి ఆ వాటా నేరుగా పిల్లవాడి ఖాతాలోనే పడుతోంది. ఈ సంగతి మా బంజరు షాపు పెద్దాయనకు ఫోన్లో చెప్పాను. ఆయన దగ్గర పనివాళ్లు ఐదుగురున్నారు.

“మంచిదే బాబూ, నేర్పడానికి నాకేం అభ్యంతరం? మిగతా ముప్పావు వంతు నెలనెలా నేనెక్కణ్నుంచి తేవాలి? ఆన్‌లైన్‌లో ఆ ఫారాలన్నీ ఎవరు నింపుతారు?” అన్నారు.

న్యాయమైన ప్రశ్నలు. ఫారాల పని దగ్గర్లోని ఐటీఐ తీసుకోవాలి. ఏడాదికోసారి వచ్చి బంజరు, సత్తుపల్లి షాపులన్నీ తిరిగి, ఎవరు నేర్పగలరో చూసి, అక్కడికక్కడే ఒప్పందం రాయించే ఉద్యోగి ఒకరుంటే చాలు. డబ్బు సంగతి అంత తేలిక కాదు. చిన్న షాపుకు కేంద్రం వాటా నాలుగో వంతు దగ్గర ఆగకూడదు, మొదటి ఏడాదైనా సగానికి పెంచాలి. మా నియోజకవర్గం నుంచి గెలిచినవాళ్లకు ఈ రెండూ అడుగుతూ ఉత్తరం రాస్తున్నాను. మా మేనల్లుడు ఈలోగా సింగరేణికి దరఖాస్తు పెట్టుకున్నాడు.