గనిలో కెనరీ పిట్ట

రాబోయే ముప్పును అందరికంటే ముందు పట్టిచ్చే గుర్తును ఇంగ్లీషువాళ్లు ‘బొగ్గు గనిలో కెనరీ’ అంటారు. సముద్రం వేడెక్కి పగడపు దిబ్బలు తెల్లబడితే అవి కెనరీలు. చెరువుల్లో కప్పలు కరువైతే అవీ కెనరీలే. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ వాళ్లు కొత్త వెర్షన్‌ను ముందు కొద్దిమందికే వదిలి చూసే పద్ధతికీ ఆ పిట్ట పేరే పెట్టుకున్నారు. ఇంత వాడకంలో అసలు పిట్ట సంగతి సగం మరుగున పడిపోయిందని నా బాధ.

1896 జనవరిలో వేల్స్‌లోని టైలర్స్‌టౌన్ గనిలో పేలుడు జరిగి 57 మంది పోయారు. జాన్ స్కాట్ హాల్డేన్ అనే శాస్త్రవేత్త వెళ్లి శవాలను పరీక్షించాడు. ఎక్కువమంది ప్రాణాలు తీసింది పేలుడు తర్వాత సొరంగాల్లో నిండిన కార్బన్ మోనాక్సైడ్ అని తేల్చాడు. రంగూ వాసనా లేని ఆ వాయువు నెత్తురులో ఆక్సిజన్ చోటును ఆక్రమిస్తుంది. మనిషికి తెలిసొచ్చేసరికి కాళ్లు కదలవు. చిన్న ప్రాణులు గబగబా ఊపిరి తీస్తాయి కనుక విషం వాటికి ముందే ఎక్కుతుంది. అందుకే ఎలుకనో పిట్టనో వెంట తీసుకెళ్లమన్నాడు హాల్డేన్. గనివాళ్లకు పిట్టే నచ్చింది. పుల్ల మీంచి పడితే ఇట్టే కనిపిస్తుంది మరి.

పిట్ట చచ్చిపోవడమే హెచ్చరిక అన్నట్టుగా ఈ నానుడిని వాడేవాళ్లు చాలామంది. గనివాళ్లు దాన్ని చావనివ్వాలనుకోలేదు. పిట్ట తూలిందంటే మనుషులు వెనక్కి తిరిగేవారు, పిట్టను తీసుకునే తిరిగేవారు. దానికోసం ప్రత్యేకంగా చేసిన పంజరాలుండేవి. పైన చిన్న ఆక్సిజన్ సిలిండర్, ముందు గుండ్రటి తలుపు. పిట్ట పడగానే తలుపు బిగించి సిలిండర్ తిప్పితే కాసేపటికి తేరుకునేది. అలాంటి పంజరమొకటి మాంచెస్టర్‌లోని సైన్స్ అండ్ ఇండస్ట్రీ మ్యూజియంలో ఉంది. పని మధ్యలో వాళ్లు ఆ పిట్టలతో కబుర్లాడేవారు, ఈలలు వేసేవారు. 1986లో ఎలక్ట్రానిక్ పరికరాలు వచ్చి, బ్రిటన్ గనుల్లోని రెండు వందలకు పైగా కెనరీలకు ఇక సెలవన్నప్పుడు పెంచినవాళ్లకు ప్రాణం ఉసూరుమంది.

కాబట్టి వెనక్కి తిరగడం, పడినదాన్ని బతికించుకోవడం కూడా ఈ మాటలో ఉండాలి. తెల్లబడిన దిబ్బను చూపించి, కెనరీ అని పేరుపెట్టి, ఉన్నచోటే నిలబడితే మాట సగమే వాడినట్టు. 2023 జులైలో ఫ్లోరిడా కీస్ దగ్గర సముద్రం కాగిపోతుంటే, అక్కడ పగడాల నర్సరీలు నడిపేవాళ్లు హడావిడిగా నీళ్లలోకి దిగి, వేలాది పగడపు ముక్కలను పైకి తీసి ఒడ్డున చల్లటి తొట్లలోకి చేర్చారు. వాళ్లు కెనరీ అంటే నాకు అభ్యంతరం లేదు.