మళ్ళీ బండెక్కినవాళ్ళు

ఉద్యోగ విరమణ చేశాక మళ్ళీ మోటారు సైకిలు కొనుక్కునేవాళ్ళను మా గోదావరి జిల్లాల్లో ఈ మధ్య బాగా చూస్తున్నాను. పిల్లలు పుట్టాక కారు కొని బండి వదిలేసినవాళ్ళు కొందరు, కువైట్‌లోనో దుబాయ్‌లోనో ఏళ్ళ తరబడి పనిచేసి ఊరికి తిరిగొచ్చినవాళ్ళు కొందరు. పిల్లలు స్థిరపడ్డారు, అప్పులు తీరాయి. మైసూరు ఫ్యాక్టరీ 1996లో మూతపడ్డప్పుడే పోయిందనుకున్న జావా 2018లో, యెజ్డీ 2022లో కొత్త రూపంలో షోరూముల్లోకి వచ్చాయి. కాలేజీ రోజుల్లో దూరం నుంచి చూసి ఆశపడ్డ పేరు ఇప్పుడు చేతికందుతోంది. ఈ కోరికను నేనెప్పుడూ తప్పుపట్టను. మోకాళ్ళ నొప్పులూ షుగరు లెక్కలూ తప్ప వేరే మాట లేకుండా పోయిన మనిషి మారేడుమిల్లి ఘాట్ రోడ్డు గురించి మాట్లాడుతుంటే ముఖం మారిపోతుంది. అది నాకు చాలా ఇష్టమైన దృశ్యం.

వాళ్ళందరూ అనే మాట ఒకటే. ‘ఆయ్, ఈతా బండీ ఒకసారి వస్తే మర్చిపోతామాండీ?’

మర్చిపోరు. తెలుసుకున్న సంగతులు మెదడులో ఒకచోట ఉంటాయి, అలవాటైన పనులు ఇంకోచోట ఉంటాయి. 1953లో మూర్ఛ తగ్గడానికి మెదడు ఆపరేషన్ చేయించుకున్న అమెరికన్ హెన్రీ మొలైసన్ ఆ తర్వాత ఏ కొత్త సంగతినీ గుర్తుపెట్టుకోలేకపోయాడు. మాంట్రియల్ శాస్త్రవేత్త బ్రెండా మిల్నర్ ఆయన చేత అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీయించారు. రోజురోజుకీ చెయ్యి మెరుగుపడింది, నిన్న గీశానన్న జ్ఞాపకం మాత్రం ఆయనకు లేదు. క్లచ్ వదులుతూ రేసు ఇవ్వడం, మలుపులో ఒళ్ళు వాల్చడం ఈ కోవలోవే. ఇరవై ఏళ్ళ తర్వాత ఎక్కినా పది నిమిషాల్లో చెయ్యి తిరుగుతుంది. నాకు భయం అక్కడే. అంత తేలిగ్గా చెయ్యి తిరిగేసరికి తక్కిన ఒళ్ళు కూడా తిరిగొచ్చిందని మనిషి నమ్మేస్తాడు. పైగా చెయ్యీ కాలూ గుర్తుపెట్టుకున్నది పాత బండిని, పాత రోడ్డుని.

కోనసీమ నుంచి ఒకాయనను ఎముకల డాక్టరు నా దగ్గరికి పంపారు. విరిగిన జత్రుకకు ప్లేటు వెయ్యాలి, ముందు గుండె చూడమని. కువైట్ నుంచి వచ్చేశాక కొత్త బుల్లెట్ కొన్నారు. కుర్రతనంలో నాన్నగారి బుల్లెట్ నడిపిన మనిషి. ఆ కాలపు బుల్లెట్‌కి గేరు కుడికాలి దగ్గర, బ్రేకు ఎడమకాలి దగ్గర ఉండేవి. ఒకటో గేరు పైకి, మిగిలినవి కిందికి. ఇప్పటి బండికి అంతా తలకిందులు. గేరు ఎడమ వైపు, బ్రేకు కుడి వైపు. ఆయనకు ఇదంతా తెలుసు, తెలిసే కొన్నారు, కొన్నాళ్ళు తప్పు లేకుండా నడిపారు కూడా. కాలవ గట్టు మీద వెళ్తుంటే మేక అడ్డొచ్చింది. ‘బ్రేకు గట్టిగా తొక్కానండీ, పట్టలేదు’ అన్నారు. మెకానిక్ చూస్తే బ్రేకులో లోపమేం లేదు. ఏ కాలితో తొక్కారో గుర్తుందా అని అడిగాను. మంచం మీద కూర్చున్న మనిషి కాళ్ళ వైపు చూసుకున్నారు, ఎడమ పాదం కదిలింది. ఆయన తొక్కింది గేరు. బండి ఒక్కసారిగా కింది గేరులో పడి వెనక చక్రం జారింది.

తీరిగ్గా ఉన్నప్పుడు కొత్త అలవాటు పనిచేస్తుంది. బెదిరినప్పుడు ఒళ్ళు అన్నిటికన్నా పాత అలవాటుని వెతుక్కుంటుంది. అందుకే మళ్ళీ బండెక్కేవాళ్ళకు నేను రాసే మొదటి మందు ఖాళీ మైదానం. రోడ్డెక్కకముందు అక్కడ గట్టిగా ఆపడం మళ్ళీ మళ్ళీ చెయ్యమంటాను, ఆలోచించకుండా సరైన కాలు కదిలేదాకా. చేతి బ్రేకూ కాలి బ్రేకూ కలిపి. మన పాతకాలం వాళ్ళు ముందు బ్రేకంటే పల్టీ కొట్టిస్తుందని కాలినే నమ్ముకుంటారు. ఆపేటప్పుడు బరువంతా ముందుకు వస్తుంది కాబట్టి బండిని నిజంగా ఆపేది ముందు చక్రమే. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బళ్ళన్నిటికీ చక్రం బిగుసుకోకుండా ఏబీఎస్ తప్పనిసరి అయింది. ఆ భరోసా ఉన్న బండి కొన్నవాళ్ళు ఇంకా పాత భయంతోనే నడపడం నాకు బాధగా ఉంటుంది.

నలభై దాటినవాళ్ళు లైసెన్సు కోసం ఫారం 1ఏ తెస్తారు. మంచి వెలుతురులో 25 మీటర్ల దూరంలోని కారు నంబరు చదవగలరా అని అందులో ఒక ప్రశ్న. పగలు చదివేస్తారు. చీకటి పడ్డాక సంగతి వేరు. వయసుతో కంటిపాప చిన్నదవుతుంది, లోపలి కటకం పసుపు పచ్చబడుతుంది. ఇరవై ఏళ్ళవాడి కంటిలోకి వెళ్ళే వెలుతురులో మూడో వంతే అరవై ఏళ్ళ కంటి వెనక దాకా చేరుతుంది. ఎదుటి లారీ లైటు మీద పడ్డాక మళ్ళీ రోడ్డు కనబడటానికి పట్టే సమయమూ పెరుగుతుంది. అందుకే ఆ కాగితం మీద సంతకానికి ముందు రాత్రి పూట ఎలా కనిపిస్తోందో విడిగా అడుగుతాను, మెడ రెండు వైపులా తిప్పి భుజం మీదుగా వెనక్కి చూడమంటాను. మెడ అరుగుదల ఉన్నవాళ్ళకు సగం దాకే తిరుగుతుంది. వాళ్ళకు అద్దాలు లేని బండి ఎక్కవద్దని గట్టిగా చెబుతాను.

తర్వాత మందుల సంచీ. రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన పొద్దున్నే షుగరు మాత్ర గ్లిమెపిరైడ్ వేసుకుని, తిరిగొచ్చాక టిఫిన్ తిందామని బండి మీద రాజానగరం వైపు బయల్దేరారు. స్నేహితుడి ఇంట్లో మాటలు సాగాయి, కాఫీ ఒక్కటే తాగారు. తిరిగొస్తూ మలుపు తిరగాల్సిన చోట తిన్నగా పొలంలోకి వెళ్ళిపోయారు. తీసినవాళ్ళు తాగి పడ్డాడనుకున్నారట. ఆస్పత్రికి తెచ్చేసరికి షుగరు 48. చెమటతో చొక్కా తడిసిపోయింది. బీపీకి వాడుతున్న బీటా బ్లాకర్ వల్ల గుండె దడ తెలియలేదు, ఆ ఒక్క హెచ్చరికా లేకుండా పోయింది. గ్లూకోజు ఎక్కించాక కళ్ళు తెరిచి ఆయన మొదట అడిగింది తను ఎవరినైనా గుద్దానా అని. ఎవరినీ గుద్దలేదు. జీవితమంతా పిల్లలకు మర్యాద నేర్పిన మనిషిని తాగుబోతన్నారని ఆయన భార్య చాలాసేపు ఏడ్చింది. తిన్నాకే తాళం తియ్యాలని ఆవిడకే అప్పజెప్పాను. ఆయన ఇప్పటికీ నడుపుతున్నారు, జేబులో గ్లూకోజు పొడి పెట్టుకుని.

జలుబుకి మందుల షాపులో అడిగి తెచ్చుకునే పాత రకం మాత్రలు మత్తు తెస్తాయి. కొన్ని రకాల ప్రోస్టేటు మాత్రలు వేసుకున్నవాళ్ళకు లేచి నిలబడగానే బీపీ పడిపోవచ్చు. ఏళ్ళ తరబడి షుగరున్న పాదానికి పెడలు ఎక్కడుందో సరిగా తెలియదు. ఇవన్నీ కారులో కూర్చున్నప్పుడు కొంత దాగుతాయి, రెండు చక్రాల మీద దాగవు.

కదలని బండి కూడా ప్రమాదమే అంటే చాలామంది నమ్మరు. గుండెకు స్టెంటు వేయించుకుని రక్తం పల్చబడే మందులు వాడుతున్న ఒకాయన వాకిట్లో బండిని పెద్ద స్టాండు వెయ్యబోయి దానితో పాటు పక్కకి ఒరిగారు. బుల్లెట్ బరువు 190 కిలోల పైమాటే. తల గోడకు చిన్నగా తగిలింది, బొప్పి కూడా కట్టలేదు. మూడు వారాలకు తలనొప్పి, ఆ తర్వాత ఎడమకాలు ఈడ్చడం. స్కాన్‌లో పుర్రెకూ మెదడుకూ మధ్య రక్తం చేరి ఉంది. పుర్రెకు రంధ్రం పెట్టి తీశారు, కోలుకున్నారు. ఇలాంటి మందులు వాడేవాళ్ళకు చిన్న దెబ్బైనా సరే, తలకు తగిలితే ఆ రోజే రమ్మంటాను. బండి కూడా మోయగలిగినదే కొనమంటాను. వంద కిలోల పైచిలుకు ఉండే బండి మీద కూడా గోదావరి గట్టు గాలి అంతే చల్లగా తగులుతుంది.

వయసుతో సంబంధం లేని వాపసు ఒకటి చూశాను. కరెంటు లైన్‌మన్, నలభై దాటలేదు. ఎనిమిదేళ్ళ క్రితం కల్వర్టు దగ్గర బండి జారింది. ఆయన తొడ ఎముక విరిగింది, వెనక కూర్చున్న బావమరిది చనిపోయాడు. ఎముక అతుక్కుంది, కాలు నిలబడింది. ఆయన మాత్రం బండి ముట్టుకోలేదు. ఆటోలో, బస్సులో, నడిచి పనిచేశారు. రంపచోడవరం వైపు బదిలీ అయ్యాక ఆ దారులు కుదరలేదు. అరచేతులు చెమట పడుతున్నాయి, ఛాతీ బిగుస్తోంది, గుండె జబ్బేమోనని నా దగ్గరికి వచ్చారు. ఈసీజీ బాగుంది. మానసిక వైద్యుడైన నా మిత్రుడితో కలిసి దారి వేశాం. మొదట ఇంజను ఆపి ఉన్న బండి మీద కూర్చోవడం, దడ తగ్గేదాకా దిగకపోవడం. తర్వాత ఇంజను పెట్టి కూర్చోవడం. తర్వాత వీధి చివరిదాకా. కల్వర్టు ఆఖరున. తొందరపెట్టలేదు, కొన్ని వారాలు అసలు ముందుకే కదల్లేదు.

కల్వర్టు దాటాల్సిన రోజున వెనక కూర్చుంటానని భార్య అన్నది. చనిపోయినవాడు ఆవిడ తమ్ముడు. ఈ ఎనిమిదేళ్ళలో ఆ సంగతి వాళ్ళిద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదని అప్పుడే నాకు తెలిసింది. ఆయన నైపుణ్యం ఎక్కడికీ పోలేదు, ఆవిడ ఆ మాట అనేదాకా దాన్ని వాడుకునే ధైర్యం మాత్రం రాలేదు. దాటొచ్చాక ఇద్దరూ నా దగ్గరికి వచ్చారు. పెద్దగా ఏమీ చెప్పలేదు, బీపీ చూపించుకుని వెళ్ళారు.

ఆ ప్రమాదంలో ఆయన తలకు హెల్మెట్ ఉంది, బావమరిదికి లేదు. 1935లో మోటారు సైకిలు ప్రమాదంలో ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’గా పేరుపడ్డ టి.ఈ. లారెన్స్ చనిపోయినప్పుడు చూసిన వైద్యుల్లో హ్యూ కెయిర్న్స్ ఒకరు. ఆ తర్వాత ఆయన సైన్యంలో కబుర్లు మోసే మోటారు సైకిలు కుర్రాళ్ళ తల గాయాలను పరిశీలించి, హెల్మెట్ ప్రాణాలు నిలుపుతుందని 1941లో రాశారు. హెల్మెట్ వల్ల మరణించే ప్రమాదం 42 శాతం తగ్గుతుందని 2008 నాటి కోక్రేన్ సమీక్ష తేల్చింది. మన దేశంలో 2022లో హెల్మెట్ లేక చనిపోయినవాళ్ళు 50,029 మంది, వాళ్ళలో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్ళు. ఐఎస్‌ఐ గుర్తు ఉన్నది కొని, ఏళ్ళ నాటి పాతదాన్ని పక్కన పెట్టండని ప్రతి ఒక్కరికీ చెబుతున్నాను.

మొన్న ఒక జంట వచ్చారు. ఆయన బండి కొన్నారు, మారేడుమిల్లి వెళ్ళాలని ఉంది. ‘పంపమంటారా డాక్టర్ గారూ?’ అని ఆవిడ అడిగింది. ఆయన కుడికంట్లో శుక్లం ఉంది. ముందు ఆ ఆపరేషన్ చేయించుకుని, కంటి డాక్టరు సరేనన్నాక, వానలు వెనకపట్టి ఘాట్ రోడ్డు ఆరాక, తెల్లవారాక బయల్దేరి చీకటి పడకముందే చేరేలా వెళ్ళమన్నాను. ఆయన హెల్మెట్ చూపించారు, మంచిదే. మరి మీకో అని ఆవిడను అడిగాను. నేనెందుకండీ, వెనక కూర్చునేదాన్నేగా అంది. డ్రాయరులోంచి టేపు తీసి కనుబొమల పైనుంచి తల చుట్టుకొలత తీశాను. 55 సెంటీమీటర్లు. మందుల చీటీ మీద అన్నిటికన్నా పైన అదే రాసి ఆయన చేతిలో పెట్టాను.