తుపాకి వారసులు

వీరుని కథ సాధారణంగా విజయంతో ముగుస్తుంది. ఆ విజయం తరువాత అతడెలా బ్రతికాడో, ఎలా ముసలివాడయ్యాడో కథకులు చెప్పరు. అమెరికా పడమటి సీమను చిత్రించిన కౌబాయ్ చిత్రాలలో కొన్ని ఆ చెప్పని భాగాన్నే కథావస్తువుగా స్వీకరించాయి. నాకు వాటిపై మక్కువ కలగడానికి కారణమదే.

కౌబాయ్ వేషం తెలుగువారికి కొత్త కాదు. 1971లో కృష్ణ కథానాయకుడుగా వచ్చిన 'మోసగాళ్లకు మోసగాడు' నాటినుండి గుర్రం, టోపీ, నడుమున తుపాకి మనకు పరిచితాలే. అటువంటి చిత్రాలు చూచే తొలి వయస్సులో నాకుండిన కుతూహలం ఒక్కటే: ఎవరు ముందుగా తుపాకి తీస్తారు? కాలక్రమాన మరొక ప్రశ్న మనస్సును పట్టుకొన్నది: కాల్చినవానికి చివరకు మిగిలేదేమిటి? ఈ ప్రశ్నకు మూడు అమెరికన్ చిత్రాలు మూడు విధాలుగా సమాధానమిచ్చాయి.

మొదటిది 1950లో హెన్రీ కింగ్ దర్శకత్వంలో వచ్చిన 'ది గన్‌ఫైటర్'. ఇందులో గ్రెగరీ పెక్ ధరించినది జిమ్మీ రింగో పాత్ర. గురి తప్పనివాడన్న పేరే రింగోకు శత్రువు. ఏ ఊరికి వెళ్ళినా అతణ్ణి చంపి కీర్తి గడించాలని ఎవడో ఒక యువకుడు కాచుకొని ఉంటాడు. 35 ఏళ్ళకే అలసిపోయి, దూరమైన భార్యను, కుమారుణ్ణి చూడవచ్చిన రింగోను అటువంటివాడే చాటునుండి కాలుస్తాడు. ముందు తుపాకి తీసినది తానేనని మరణిస్తూ చెప్పి, రింగో ఆ హంతకుణ్ణి ఉరినుండి తప్పిస్తాడు. క్షమవలె కనిపించే ఆ మాట నిజానికి శాపం. ఇకమీదట ఆ యువకుడే అందరికీ గురి.

రెండవది జాన్ వేన్ నటించిన చివరి చిత్రం, 1976 నాటి 'ది షూటిస్ట్'. కథాకాలం 1901. క్యాన్సర్‌తో మరణానికి చేరువైన వృద్ధుడు బుక్స్, మంచంపై మరణించడానికి ఇష్టపడక ముగ్గురు శత్రువులను పోరుకు పిలుస్తాడు. వారిని కూల్చిన అతణ్ణి మద్యశాల సేవకుడు వెనుకనుండి కాలుస్తాడు. బుక్స్‌ను ఆరాధించే కుర్రవాడు గిలమ్ అతని తుపాకితోనే ఆ సేవకుణ్ణి చంపి, మరుక్షణం దానిని విసరివేస్తాడు. అది చూచి బుక్స్ తృప్తితో తల పంకించి కన్నుమూస్తాడు.

మూడవది క్లింట్ ఈస్ట్‌వుడ్ నటించి, దర్శకత్వం వహించిన 'అన్‌ఫర్‌గివెన్' (1992). ఉత్తమ చిత్రంగా ఆస్కార్ పొందినది. ప్రగల్భాలు పలికే ఒక యువకుడు తొలిసారి ఒక మనిషిని చంపి, కుమిలి ఏడ్చి, తుపాకిని అప్పగించి వెళ్ళిపోతాడు. పందులను పెంచుకొంటూ బ్రతికే పూర్వపు హంతకుడు మనీ మాత్రం, మిత్రుని కొట్టి చంపిన క్రూరుడైన షెరీఫ్‌పై పగతో మళ్ళీ మద్యం ముట్టి, తుపాకి పడతాడు. చట్టమే క్రూరమైనప్పుడు హంతకుని పగ న్యాయమవుతుందా? అతడు గెలవాలని కోరుకొంటున్న నా మనస్సే నన్ను కలవరపెట్టింది. దర్శకుడు తీర్పు చెప్పలేదు.

ముగ్గురు యువకులలో ఒకడు ఆ కీర్తిని వరించాడు, ఒకడు తుపాకిని విసరివేశాడు, ఒకడు ఇచ్చివేశాడు. పెద్దల జీవితంలో కీర్తిని మాత్రమే చూచినవాడు మొదటివాడు. దానికి చెల్లించవలసిన మూల్యాన్ని కూడ చూచినవారు మిగిలిన ఇద్దరూ. అయితే వారికి ఆ చూపు కలిగినది ఒక ప్రాణం తీసిన తరువాతనే.