బాణం గుర్తు ఆగిన చోట

'తాతా, నాలుగు మీటర్లే చూపిస్తోంది. ఇక్కడే ఉండాలి...'

పదకొండేళ్ల మనవరాలి చేతిలో వాళ్ల నాన్న ఫోన్. తెర మీద ఓ బాణం గుర్తు, దాని కింద దూరం. ఒకడుగు ముందుకేస్తే మూడు మీటర్లు. ఇంకో అడుగేస్తే ఏడు! వెనక్కొస్తే ఐదు. అమెరికాలోని ఓరెగన్ రాష్ట్రం, పోర్ట్‌లాండ్ పక్కనే ఉండే హిల్స్‌బరోలో ఓ పార్కు అది. ఆకాశం కనిపించనంత ఎత్తుగా పెరిగిన చెట్లు. పావుగంట నుంచి ఆ పిల్ల ఒకే చెట్టు చుట్టూ ప్రదక్షిణలు చేస్తోంది.

బెంచీ మీద కూర్చుని చూస్తున్న తాతయ్యకు డెబ్భై ఏళ్లు. కర్నూలు జిల్లాలో సర్వేయరుగా పనిచేసి రిటైరయ్యారు. 2023 వేసవిలో ఆర్నెల్లు కొడుకు దగ్గర ఉందామని భార్యతో కలిసి వచ్చారు. నెల తిరక్కుండానే విసుగొచ్చేసింది. కొడుకూ కోడలూ ల్యాప్‌టాప్‌లకు అతుక్కుపోతారు. మనవరాలికి తెలుగు అర్థమవుతుంది కానీ జవాబు మాత్రం ఇంగ్లిషులోనే. ఈయన అడిగేవీ మూడే మాటలు... 'తిన్నావా? నిద్దరపోయినావా? ఏం సదువుకున్నావు?' మూడింటికీ కలిపి ఆ పిల్ల చెప్పేది ఒకటే... 'యా!'

ఆ రోజు కూడా తోడు వెళ్లమన్నారని వెళ్లారంతే. ఇక చూడలేక లేచి, 'ఆ ఫోను జోబీలో పెట్టుమ్మా' అన్నారు. చుట్టూ ఒకసారి చూశారు. కిందపడ్డ ఓ దుంగ దగ్గర ఆగారు. దాని మొదట్లో మూడు చెక్కపేళ్లు పక్కపక్కనే, పేర్చినట్టు ఉన్నాయి. 'రాలిన పేళ్లు ఇట్లా వరస కట్టి పడవు' అంటూ చేతికర్రతో వాటిని పక్కకు జరిపారు. కింద ప్లాస్టిక్ డబ్బా!

'తాతా... హౌ డిడ్ యూ నో?'

ఆయన అమెరికా వచ్చాక మనవరాలు తనంతట తాను అడిగిన మొదటి ప్రశ్న అది.

ఇంతకీ ఏమిటీ డబ్బా? ఎవరు దాచారు? ఈ ఆట పేరు జియోకేచింగ్. ఒకరు ఓ డబ్బాను ఎక్కడో దాచి, ఆ చోటు అక్షాంశ రేఖాంశాలను అందరికీ తెలియజేస్తారు. మిగతావాళ్లు జీపీఎస్ సాయంతో వెతుక్కుంటూ వెళ్తారు. డబ్బాలో ఓ చిన్న పుస్తకం ఉంటుంది. దొరికినవాళ్లు అందులో పేరూ తేదీ రాయాలి. చిన్నచిన్న వస్తువులూ ఉంటాయి. ఏదైనా తీసుకుంటే దానికి సమానమైనదో, అంతకంటే మంచిదో పెట్టాలి. తినేవి పెట్టకూడదు. డబ్బాను మళ్లీ ఉన్నచోటే దాచి రావాలి. అంతే. బహుమతులుండవు, రిఫరీ ఉండడు. అయినా ప్రపంచవ్యాప్తంగా ఇలాంటి డబ్బాలు 30 లక్షలకు పైనే ఉన్నాయి. హైదరాబాద్‌తో సహా మన నగరాల్లోనూ అక్కడక్కడా ఉన్నాయి, తక్కువే అయినా.

ఒకప్పుడు దీనికోసం జీపీఎస్ పరికరం విడిగా కొనాల్సి వచ్చేది. 2008లో ఐఫోన్‌కి యాప్ వచ్చాక అది పిల్లలాటైపోయింది. ఆండ్రాయిడ్ ఫోన్లవాళ్లకు 'సి:జియో' అనే ఉచిత యాప్ కూడా ఉంది. యాప్ తెరిస్తే చుట్టుపక్కల దాచిన డబ్బాలు మ్యాప్ మీద చుక్కల్లా కనిపిస్తాయి. వెతకడం ఎంత కష్టం, దారి ఎంత కష్టం... రెండింటికీ ఒకటి నుంచి ఐదు దాకా మార్కులుంటాయి. మరీ దొరక్కపోతే చూసుకోవడానికి చాలావాటికి ఓ క్లూ ఉంటుంది. (ఆ క్లూ చూడటం నామోషీ అని ఈ మనవరాలి అభిప్రాయం. తాతయ్యదీ అదే!)

మరి నాలుగు మీటర్లని చెప్పిన ఫోన్ అంతలోనే ఏడంటుందేం? దాదాపు 20 వేల కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు సమయాన్ని ప్రసారం చేస్తుంటాయి. ఆ సంకేతం చేరడానికి పట్టిన కాలాన్ని బట్టి ఫోన్ దూరం లెక్కగడుతుంది. కనీసం నాలుగు ఉపగ్రహాలు అందితే తానెక్కడుందో తేల్చేస్తుంది. ఆరుబయట ఆకాశం తేటగా కనిపిస్తే ఐదు మీటర్ల లోపు కచ్చితంగా చెబుతుంది. చెట్లూ ఎత్తైన భవనాలూ అడ్డొస్తే సంకేతాలు వాటికి తగిలి వంకర దారిలో వస్తాయి. లెక్క తప్పుతుంది, బాణం గుర్తు గింగిరాలు కొడుతుంది. అందుకే అనుభవజ్ఞులు ఆఖరి పదడుగుల్లో ఫోన్‌ని నమ్మరు, కళ్లను నమ్ముతారు.

తాతయ్య ముప్ఫై ఏళ్లకు పైగా చేసింది ఆ పనే. ఇంటికి నడుస్తూ మనవరాలికి చెప్పారు... పొలాల హద్దుల్లో సర్వే రాళ్లు పాతి ఉంటాయని, వానలకు అవి మట్టిలో కూరుకుపోతాయని, ముళ్లకంపలు కప్పేస్తాయని. కొందరైతే పక్కవాడి పొలం మీద ఆశతో రాత్రికి రాత్రే జరిపేస్తారని. అప్పుడు కనిపిస్తున్న రెండు రాళ్ల దగ్గర్నుంచి గొలుసుతో కొలిచి, ఎఫ్‌ఎంబీ పుస్తకంలోని లెక్కతో సరిచూసి, 'ఇక్కడ తవ్వండి' అనేవారట. గొలుసంటే 66 అడుగులు. వంద లింకులు. పొడవూ వెడల్పూ గొలుసుల్లో కొలిస్తే పది చదరపు గొలుసులు ఒక ఎకరం. 'తవ్వితే రాయి ఉండేదా?' అందా పిల్ల, తెలుగులో.

'ఉండకపోతే మనకు తన్నులే!'

మొదటి డబ్బాలో ఆయన జేబులోని రూపాయి బిళ్ల పెట్టారు. అందులోంచి మనవరాలు ఓ నీలం గోళీ తీసుకుని తాత చేతిలో పెట్టింది. 'ఇది నువ్వు కనిపెట్టావు కాబట్టి నీదే' అంది.

ఇక ప్రతి శనివారమూ ఇద్దరూ ఊరిమీదే. లైటు స్తంభం మొదట్లో ఉండే రేకు తొడుగు ఎత్తితే ఫిల్మ్ రోలు డబ్బా. వంతెన కమ్మీ అడుగున అయస్కాంతంతో అతుక్కున్న, చిటికెన వేలి గోరంత బుడ్డి. ఆరుచోట్ల ఏమీ దొరక్క ఉత్తచేతులతో వచ్చారు. అలా వచ్చిన రోజుల్లోనే కబుర్లు ఎక్కువ నడిచాయట. ఒకసారి పొదల్లో తచ్చాడుతున్న ఈయన్ని చూసి కుక్కతో వెళ్తున్న ఒకావిడ 'ఏమైనా పోయిందా?' అని అడిగింది. పిల్ల నవ్వాపుకోలేకపోయింది. ఆట తెలియనివాళ్ల కంట పడకుండా వెతకాలన్నది ఇందులో ఓ మర్యాద. నవ్వులాటగా అనిపిస్తుంది కానీ, 2011లో ఇంగ్లండ్‌లోని వెదర్‌బీ పట్టణంలో ఇలాగే ఓ కెఫే బయట దాచిన డబ్బాని బాంబు అనుకుని సైన్యాన్ని పిలిపించారు. స్థలం యజమాని అనుమతి లేకుండా దాచొద్దనీ తవ్వి పాతిపెట్టొద్దనీ నిబంధనలున్నది ఊరికే కాదు.

సెప్టెంబరులో కొడుకు తీరిక చేసుకుని అందర్నీ కార్లో బీవర్‌క్రీక్ వైపు తీసుకెళ్లాడు. పోర్ట్‌లాండ్‌కి ఆగ్నేయంగా, పల్లె రోడ్డు పక్కన అడవిలో ఓ ఫలకం ఉంది. ఆట పుట్టిన చోటు అదే. పౌరులు వాడే జీపీఎస్ సంకేతాల్లో అమెరికా ప్రభుత్వం కావాలనే కొంత తప్పు కలిపేది, వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. 2000 మే 1న అధ్యక్షుడు క్లింటన్ దాన్ని ఆపేస్తున్నట్టు ప్రకటించారు. ఆ రాత్రే తెర తొలగింది. రెండ్రోజులు తిరక్కుండా మే 3న డేవ్ ఉల్మర్ అనే ఆయన ఓ నల్ల ప్లాస్టిక్ బకెట్టులో పుస్తకాలూ, కొంత డబ్బూ, ఓ ఉండేలూ, చిక్కుడుగింజల డబ్బా లాంటివి పెట్టి ఇక్కడ దాచి, అంకెలను ఇంటర్నెట్‌లో పెట్టాడు. మూడ్రోజుల్లో ఇద్దరు కనిపెట్టేశారు. మొదట దొరకబుచ్చుకున్నది మైక్ టీగ్. తమాషా ఏమిటంటే, ఆ బకెట్టు సగం భూమిలో పాతిపెట్టిందే. ఇప్పటి నిబంధనల ప్రకారమైతే చెల్లదు!

తిరిగొచ్చేటప్పుడు వెనక సీట్లో మనవరాలు అడిగింది... 'తాతా, మీ ఊరి నంబర్ ఎంత?'

కారులో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. 'మా ఊరు లేదుమ్మా' అన్నారాయన. 'నీళ్ల కింద ఉండాది.'

శ్రీశైలం జలాశయంలో 1981లో మునిగిన వంద దాకా ఊళ్లలో ఆయనదొకటి. సంగమేశ్వరం గుడి చుట్టుపక్కలది. అప్పటికి ఆయన సర్వే ఉద్యోగంలో కొత్తగా చేరారు, వేరే తాలూకాలో. సొంతూరి కొలతలు తీసిన జట్టులో ఆయన లేరు. అయినా ఊళ్లోవాళ్లకు గొలుసు పట్టినోళ్లంతా ఒకటే. తండ్రి కూడా ఓ మాట అన్నారు. ఏమన్నారో మనవరాలికే కాదు, కొడుక్కీ ఎప్పుడూ చెప్పలేదు. ఎండాకాలం నీళ్లు తగ్గితే సంగమేశ్వరుడి గుడి బయటపడుతుంది, జనం పూజలకు వెళ్తారు. పాత ఊళ్ల మొండిగోడలూ తేలతాయి. ఆ ఊళ్లవాళ్లు వెళ్లి చూసుకుని వస్తారు. ఈయన నలభై రెండేళ్లలో ఒక్కసారీ వెళ్లలేదు.

ఆ రాత్రి మనవరాలు కంప్యూటర్లో గూగుల్ ఎర్త్ తెరిచింది. ఎటు చూసినా నీలమే. 'పాత ఫొటోలు కూడా ఉంటాయి తాతా' అంటూ ఏళ్ల వెంబడి వెనక్కి జరిపింది. ఓ వేసవి చిత్రంలో నీళ్లు లేవు. గోధుమరంగు నేల. దాని మీద సన్నటి గీతలు. తాతయ్య కళ్లద్దాలు తుడుచుకుని కుర్చీ దగ్గరకు లాక్కున్నారు. గుడి ఇదీ. వాగు ఇట్లా వచ్చి కలవాలి. గుడి నుంచి మెరకబావికి ఇన్ని గొలుసులు, బావి నుంచి తమ గడపకు ఇన్ని... కాగితం తీసుకుని లెక్కలు వేశారు. రాత్రి పన్నెండింటికి ఒక చోట వేలు పెట్టి ఆగారు. మనవరాలు అంకెలు రాసుకుంది. 16 డిగ్రీల చిల్లర ఉత్తరం, 78 డిగ్రీల చిల్లర తూర్పు. నిమిషాల్లో దశాంశం తర్వాత మూడు అంకెల దాకా. ఆ మూడో అంకె ఒకటి మారితే నేల మీద దాదాపు రెండు మీటర్లు తేడా.

అక్కడో డబ్బా పెడదామని పిల్ల పట్టుబట్టింది. నిబంధనలు ఒప్పుకోవు. దాచినవాళ్లు అప్పుడప్పుడూ వెళ్లి బాగోగులు చూసుకోగలగాలి. ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్లలో ఉండే డబ్బాను ఎవరు చూస్తారు? 'సరే, యాప్‌లో వద్దు. నీ ఫోన్లో పెడతా' అని తాతయ్య ఫోన్లో ఆ గుర్తు దాచి, అక్కడి మ్యాప్ దింపి ఇచ్చింది. 'సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుంది. జీపీఎస్‌కి నెట్ అక్కర్లేదు' అని మూడుసార్లు చెప్పింది.

2024 మే నెల. ఇప్పుడది నంద్యాల జిల్లా. 'ఉద్యోగంలో తిరిగింది సాలదా, ఇప్పుడా బురదలోకి ఎందుకు?' అని భార్య కసిరినా వినకుండా తెల్లవారుజామునే బయల్దేరారు. బీటలు వారిన ఒండ్రు మీద నడక. సిగ్నల్ ఎప్పుడో పోయింది. పైన చెట్టన్నది లేదు, ఆకాశమంతా తెరిచే ఉంది. బాణం గుర్తు వంకర పోకుండా దారి చూపింది. అరవై మీటర్లు. ఇరవై. రెండు. అక్కడ ఒండ్రు దిబ్బ తప్ప ఏమీ లేదు.

ఫోన్ జేబులో పెట్టేశారు. దిబ్బెక్కి చుట్టూ చూస్తే ఎడమపక్క వలయంగా కొన్ని రాళ్లు... బావి ఒర. అయితే తన లెక్కే కాస్త కుడికి జరిగింది. బావి దగ్గర్నుంచి తూర్పుముఖంగా అడుగులు లెక్కబెట్టుకుంటూ నడిచి ఆగారు. ఒండ్రులో సగం కూరుకుపోయి ఓ రోలు. మోసుకెళ్లలేక వదిలేసిన రోళ్లు అక్కడ చాలానే ఉన్నాయి, అన్నీ ఒకేలా ఉంటాయి. వంగి చేత్తో మట్టి తుడిచారు. అంచున ఓ పెచ్చు ఊడి ఉంది. చిన్నప్పుడు చింతపిక్కలు కొట్టబోయి తాను ఊడగొట్టి, తండ్రి చేత దెబ్బలు తిన్న పెచ్చు అది.

ఎంతసేపు కూర్చున్నారో ఆయనకే తెలియదు.

సాయంత్రం రోడ్డెక్కి సిగ్నల్ అందగానే ఫొటో పంపి, 'దొరికింది' అని రాశారు. అక్కడింకా తెల్లవారలేదు. లేచాక మనవరాలు పెట్టిన జవాబులో శభాష్‌లేవీ లేవు. ఆట ప్రకారం అడగాల్సిందే అడిగింది... ఏం తీసుకున్నావు? ఏం పెట్టావు?

'ఏమీ తీసుకోలేదు. రోట్లో గోళీ పెట్టినా.'

ఆ జులై చివర్లో శ్రీశైలం గేట్లు ఎత్తారు. నిండు మట్టం 885 అడుగులు. పేపర్లో వచ్చిన నీటిమట్టాన్ని తాతయ్య రోజూ మనవరాలికి పంపుతూనే ఉన్నారు. ఓ రోజు ఆ పిల్ల 'గోళీ ఎంత లోతులో ఉంది?' అని అడిగింది. పాత ఊరి మట్టం ఆయనకు కంఠతా వచ్చు. మనసులోనే తీసివేత చేసి, 'ముప్పై అడుగులు ఉంటాది' అన్నారు.

'నీళ్లు మళ్లీ ఎప్పుడు దిగుతాయి?'

'ఫిబ్రవరి దాటాల. నీకు సెలవులెప్పుడు?'