నేను చూడని సముద్రం – నా డబ్బా కెమెరా



పోయిన నెల మంత్రాలయం టూరులో నేను చేసిన తప్పు మీ అందరికీ తెలుసు. బస్సు ఎక్కే టైముకు నేను లేను. నా వల్ల మీరంతా గంటసేపు ఎండలో నిలబడినారు. ఎందుకు ఆగిపోతివి అని మేడం అడిగితే నాకు నోరు పెగల్లేదు. నోటితో చెప్పలేనిది రాసి చూడు అని తెలుగు మేడం అన్నారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నాకు సముద్రాన్ని ఫొటో తియ్యాలని ఆశ. నవ్వకండి. నేను సముద్రం చూడలేదు, నా దగ్గర కెమెరా కూడా లేదు. మాది ఆత్మకూరు వైపు నల్లమలలో చెంచుగూడెం. మా ఇంట్లో బడికి వచ్చిన మొదటిదాన్ని నేనే. మా ఇంట్లో సముద్రం చూసింది మా అమ్మ ఒక్కతే. నా చిన్నప్పుడు అమ్మ గుంటూరు వైపు మిరపకాయలు కోసే కూలికి పోయింది. కోత అయిపోయినాక మేస్త్రి అందరినీ ట్రాక్టరులో బాపట్ల దగ్గర సూర్యలంకకు తీసుకపోయినాడంట. అమ్మ తిరిగొచ్చి రాత్రి పొయ్యికాడ చెప్పింది.

"నీళ్ళు లేచి నిలబడతాయి పాపా. నిలబడి మన మీదికి నడిచొస్తాయి. మళ్ళీ ఎవురో పిలిచినట్టు ఎనక్కి పోతాయి."

"నీళ్ళు ఎట్ల నిలబడతాయే?" అని అడిగినాను. అమ్మ చెప్పలేక చేత్తో చూపించింది. "నిన్ను గూడా తీసుకపోతాలే" అనింది.

నేను ఆరో తరగతిలో ఉండగా అమ్మ జ్వరమొచ్చి చనిపోయింది. మా ఇంట్లో అమ్మ ఫొటో ఒక్కటే ఉంది, ఆధార్ కార్డులోది. అందులో అమ్మ భయపడినట్టు ఉంటుంది. నవ్వే అమ్మ కాదు. మా గూడేనికి ఎవరెవరో వస్తారు, ఫొటోలు తీసుకుంటారు. అమ్మ తేనె పిండుతుంటే కూడా తీసినారు. పంపిస్తామన్నారు, పంపలేదు. ఆ ఫొటో ఎవరి దగ్గరో ఉంటుంది. మా దగ్గర లేదు.

సైన్స్ మేడం కాంతి పాఠం చెప్పేటప్పుడు సూదిబెజ్జం కెమెరా గురించి చెప్పినారు గదా. నేను చెప్పుల డబ్బా తీసుకొని ఒక పక్క సూదితో చిన్న బెజ్జం పెట్టినాను. ఎదురు పక్క కోసేసి, వంట అక్క దగ్గర రెండు చుక్కల నూనె అడిగి కాగితానికి పూసి అంటించినాను. తల మీద నల్ల తువ్వాలు కప్పుకొని చూస్తే ఆ కాగితం మీద మన హాస్టలు, వేపచెట్టు తలకిందులుగా కనపడినాయి. కాంతి నేరుగా పోతుంది కాబట్టి పైనుంచి వచ్చేది కిందికి, కిందినుంచి వచ్చేది పైకి పడుతుంది. రంగులు కూడా కనపడతాయి.

మేడం ఇంకొక సంగతి చెప్పినారు. ఇంగ్లండులో అన్నా అట్కిన్స్ అనే ఆమె 1843లో సముద్రపు నాచు బొమ్మలతో పుస్తకం మొదలుపెట్టిందంట. కెమెరా లేకుండానే! మందు పూసిన కాగితం మీద నాచు పరిచి ఎండలో పెడితే, ఎండ తగిలిన చోట నీలంగా అయ్యి, నాచు ఉన్న చోట తెల్లగా మిగిలేది. ఫొటోలతో చేసిన మొదటి పుస్తకం అదేనని చెప్తారు. తరువాత 1893లో ఫ్రాన్సు దేశపు లూయీ బూటాన్ సముద్రం లోపలికే కెమెరా దించి ఫొటోలు తీసినాడు. నీళ్ళలోకి పోయేకొద్దీ ముందు ఎరుపు రంగు మాయమవుతుందంట. అందుకే లోపల తీసిన ఫొటోలు నీలంగా ఉంటాయి. ఇది విన్న రాత్రి నాకు నిద్ర రాలేదు. కెమెరా లేదని ఊరికే కూర్చోకూడదు అనుకున్నాను.

అందుకే మంత్రాలయానికి నా సంచిలో డబ్బా పెట్టుకొచ్చినాను. మఠంలో రాఘవేంద్రస్వామి బృందావనం చూసి మీరంతా భోజనానికి పోయినారు. నేను తుంగభద్ర ఒడ్డుకు పోయినాను. అక్కడ యాత్రికులకు ఫొటోలు తీసే అన్న ఒకాయన నా డబ్బా చూసి నవ్వలేదు. "నడినెత్తి ఎండలో నీళ్ళు తెల్లగా పడతాయమ్మా. పొద్దు వాలినాక చూడు" అన్నాడు. నేను బండ మీద కూర్చొని పొద్దు వాలేదాకా ఉండిపోయినాను. మీరు గుర్తే రాలేదు. అది నిజం.

పొద్దు వాలినాక డబ్బాలో చూస్తే ఏరు పైన ఉంది, ఆకాశం కింద ఉంది. గాలికి నీళ్ళు కదులుతుంటే కాగితం మీద మెరుపులు నడుస్తున్నాయి. అమ్మ చెయ్యి ఆడించి చూపించింది ఇట్లనే అనిపించింది. స్కెచ్ పెన్నుతో ఆ గీతల మీదనే గీసుకున్నాను.

అప్పుడే వార్డెన్ మేడం పరుగెత్తి వచ్చినారు. కొట్టడానికి చెయ్యి ఎత్తినారు, మళ్ళీ దించినారు. "పాచి పట్టిన బండలే ఇవి. జారితే ఎవరు చూస్తారు? 2009 అక్టోబరులో ఈ ఏరే పొంగి ఊరంతా ముంచింది, తెలుసా?" అన్నారు. నన్ను పట్టుకున్న చెయ్యి వణుకుతూ ఉండింది. అమ్మ పోయినాక నేను కనపడకపోతే అంతగా వెతికేవాళ్ళు ఉంటారని నేను అనుకోలేదు. మేడం, నన్ను క్షమించండి. ఇంకెప్పుడూ చెప్పకుండా పోను.

బస్సులో వచ్చేటప్పుడు సోషల్ మేడం చెప్పినారు. తుంగభద్ర కర్నూలు దాటి కృష్ణలో కలుస్తుంది. అక్కడినుంచి మా నల్లమలలోని శ్రీశైలం డ్యాం, నాగార్జునసాగర్, విజయవాడ దాటి హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. అంటే నేను గీసిన నీళ్ళు మా అడవి మీదుగానే సముద్రానికి పోతాయి.

నేను బాగా చదివి, ఉద్యోగం వచ్చినాక మొదటి జీతంతో కెమెరా కొంటాను. సూర్యలంకలో అమ్మ నిలబడిన ఒడ్డున నిలబడి, నీళ్ళు లేచి నిలబడేది ఫొటో తీస్తాను. మా గూడెంలో అందరికీ ఫొటోలు తీస్తాను. ఎవరి ఫొటో తీస్తే వాళ్ళ చేతికి ఇచ్చే వస్తాను.

ఈ కాగితం పక్కన అంటించింది నేను గీసిన తుంగభద్ర. తలకిందులుగా అంటించినారని ఎవరూ తిప్పవద్దు, అది అట్లనే ఉండాలి. నా డబ్బా సంచిలో నలిగిపోయింది. ఎవరి దగ్గరైనా ఖాళీ చెప్పుల డబ్బా ఉంటే ఇవ్వండి. ఆదివారం బట్టలు ఉతుక్కున్నాక వేపచెట్టు కింద అందరికీ చూపిస్తాను. వార్డెన్ మేడం కూడా రావాలని నా కోరిక.

ఇట్లు
మీ తోటి విద్యార్థిని, 9వ తరగతి