సంచిలోంచి తీసేసినవి

2023 మే నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం. ఏటూరునాగారంలో మా ఇంటి అరుగు మీద నా సంచిలోని సామానంతా పరిచి ఫోటో తీశాను. జాకెట్ ముక్కలు కలిపి అమ్మ కుట్టిన సంచి, రెండొందల పేజీల నోటుబుక్కు, రెండు నీలం పెన్నులు, టార్చిలైటు, మడత గొడుగు, పవర్‌బ్యాంకు, స్టీలు టిఫిను డబ్బా. రోజూ నాతో తిరిగే ఈ వస్తువులంటే నాకు చాలా ఇష్టం. గాలివాన వస్తే కరెంటు పోయే ఇంట్లో టార్చిలైటు లేకుండా రాత్రి ఒక్క పేజీ కూడా రాయలేను. హన్మకొండ బస్సుల్లో కూర్చుని ఇలాంటి నోటుబుక్కుల్లోనే నా థీసిస్ సగం రాశాను. "నా ప్రపంచం ఈ సంచిలో ఉంది" అని రాసి ఆ ఫోటోను ఫేస్‌బుక్‌లో పెట్టాను.

సాయంత్రానికల్లా ఎంతమంది మెచ్చుకున్నారో! ఎప్పుడూ పలకరించనివాళ్లు కూడా సంచి ఎక్కడ దొరుకుతుందని అడిగారు. అమ్మ కుట్టిందని ఆమె పేరుతో సహా రాశాను. అవన్నీ చదివి వినిపిస్తే అమ్మ నవ్వి, "గా సంచికే గింతమందా బిడ్డా!" అంది.

ఫోటో తీసేముందు మాత్రం సంచిలోంచి రెండు వస్తువులు తీసి లోపల పెట్టొచ్చాను. ప్యాడ్ల ప్యాకెట్టు, ఐరన్ మాత్రల అట్ట. ఎవరూ తియ్యమనలేదు. నా చెయ్యే తీసేసింది.

వారం తర్వాత ఒక కవిత పెట్టాను. నాలుగో నెలలో పోయిన నా గర్భం గురించి, మూడో రోజే వెళ్లి క్లాసులో నిలబడి పాఠం చెప్పడం గురించి. రెండేళ్లు నోటుబుక్కులో దాచుకున్న కవిత అది. 'ధైర్యంగా ఉండండి' అని కొందరు రాశారు. ముగ్గురు స్త్రీలు విడిగా మెసేజీలు పంపారు, తమకూ ఇలాగే జరిగిందని, ఎవరికీ చెప్పుకోలేదని. ఆ రాత్రే మా అత్తగారి తరఫు పెద్దావిడ ఫోను చేసింది. "చదువుకున్నదానివి. ఇంటి ముచ్చట నలుగుట్ల పెడ్తరా బిడ్డా? మావోని ఇజ్జతేం గావాలె?" కోపంగా కాదు, బుజ్జగిస్తున్నట్టే అంది. నా భర్త ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడంలో ఏముందో నాకు అర్థమయింది. కవితను నాకు మాత్రమే కనిపించేటట్టు మార్చేశాను. తర్వాత కొన్ని నెలలు పెన్నుల ఫోటోలు పెట్టాను, పుస్తకాల అర పెట్టాను, అమ్మ కుట్టుమిషను పెట్టాను. అన్నిటికీ మెప్పు దొరికింది.

ఇది నా ఒక్కదాని సంగతి కాదని సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి నాకు తెలుసు. స్త్రీ తన ఇంటి గురించి, వంట గురించి మాట్లాడితే వినడానికి తెలుగు పత్రికల్లో చోటు ఉంటూనే వచ్చింది. ఎంత చోటంటే, ఆంధ్రజ్యోతి వారపత్రికలో 'ఇల్లాలి ముచ్చట్లు' చెప్పిన పురాణం సీత అసలు స్త్రీయే కాదు, సంపాదకులు పురాణం సుబ్రహ్మణ్యశర్మ. ఇల్లాలి గొంతుకు అంత గిరాకీ ఉంది, ఇల్లాలు లేకపోయినా నడిచింది! మాలతీ చందూర్ ఆంధ్రప్రభలో దశాబ్దాలపాటు 'ప్రమదావనం' నడిపారు, 'వంటలు-పిండివంటలు' రాశారు. ఆ చేత్తోనే రాసిన 'హృదయనేత్రి' నవలకు 1992లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. నేనెరిగిన ఇళ్లలో ఆమె వంటల పుస్తకమే ఎక్కువగా కనిపించింది, నవల కాదు.

ఇంటర్నెట్ వచ్చాక కొన్ని తలుపులు తెరుచుకున్న మాట నిజం. నిడదవోలు మాలతి అమెరికాలో ఉండి 2001లో 'తూలిక' మొదలుపెట్టి తెలుగు కథల్ని ఇంగ్లీషు పాఠకుల ముందుంచారు. పుట్ల హేమలత 2011లో 'విహంగ'ను స్త్రీల కోసం అంతర్జాల పత్రికగా తీసుకొచ్చారు. ఇవాళ చేతిలో ఫోనుంటే చాలు, ఏ సంపాదకుడి అనుమతీ అక్కర్లేదు. ఇంటివాళ్ల అనుమతి అవసరం మాత్రం పోలేదు. స్త్రీ రాయాలంటే డబ్బూ, సొంత గదీ కావాలని వర్జీనియా వుల్ఫ్ 1929లో అన్నది. నాకు జీతముంది, గది లేకపోయినా బస్సులో కిటికీ పక్క సీటుంది. కానీ రాసినదాన్ని నా పేరుతో నలుగురి ముందు నిలబెట్టుకోవడానికి అవి సరిపోలేదు.

ఆ జూలైలో వానలు ముంచెత్తాయి. మా ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఇరవై నాలుగు గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. జంపన్నవాగు పొంగి మా మండలంలోని కొండాయి ఊరి మీద పడింది. మనుషులు కొట్టుకుపోయారు. అమ్మకు మిషను తొక్కుతూ పాటలు కట్టడం అలవాటు. జాకెట్ల కొలతలు రాసుకునే నోటుబుక్కు వెనక పేజీల్లో రాసుకుంటుంది. అక్టోబరులో బతుకమ్మ ఆడేటప్పుడు వాగు మీద, పోయినవాళ్ల మీద తను కట్టిన పాట ఎత్తుకుంది. వాడకట్టు ఆడవాళ్లంతా అందుకున్నారు. పక్కింటి పిల్ల ఫోనులో తీసి స్టేటస్ పెట్టింది. పది రోజులకు ఆ పాట హన్మకొండ స్నేహితురాలి దగ్గర్నుంచి తిరిగి నాకే వచ్చింది. పైన 'ఏజెన్సీ జానపదం' అని ఉంది. కింద 'సేకరణ' అని ఎవరిదో పేరుంది.

అమ్మకు చూపించాను. కళ్లద్దాలు సర్దుకుని రెండుసార్లు చూసి, "సంచికి నా పేరు రాస్తివి. పాట కాడ నేనేడికి పోయిన్నే?" అంది.

ఆవేశంగా జవాబు రాయడానికి కూర్చున్నాను. రాస్తూ రాస్తూ నా థీసిస్ గుర్తొచ్చింది. నేను పరిశోధన చేసింది ఈ చుట్టుపక్కల ఊళ్ల స్త్రీల పనిపాటల మీదే. అటక మీదున్న ప్రతిని దించి అనుబంధం తెరిచాను. ఇరవై ఆరు పాటలు. దంచిన రోలు ఎంత లోతో, నాట్లేసిన పొలం ఏ చెరువు కిందిదో, కలుపు తీసిన కొడవలి ఎలా ఉందో అన్నీ శ్రద్ధగా రాశాను. పాడిన మనిషి దగ్గర 'స్త్రీ, సుమారు యాభై ఏళ్లు' అని ఉంది. ప్రతి పాట కిందా 'సేకరణ' అని నా పేరుంది. దాని మీదే నాకు డాక్టరేటు వచ్చింది.

సంచిలోంచి ప్యాడ్లు తీసేసినట్టే ఆ పేర్లూ తీసేశానన్నమాట. అప్పుడూ ఎవరూ తియ్యమనలేదు. శాస్త్రీయంగా ఉండాలంటే అలాగే ఉండాలనుకున్నాను. వస్తువును చూపించడం సులువు, అది ఎవరినీ ఇబ్బంది పెట్టదు. దాన్ని పట్టుకున్న మనిషి ఏం చెప్పుకుందో ఆమె పేరుతో చూపిస్తేనే ఎవరో ఒకరు లేచి జవాబు చెప్పాల్సి వస్తుంది.

పాత నోటుబుక్కులు పట్టుకుని మళ్లీ ఆ ఊళ్లకు వెళ్లాను. కొందరు చనిపోయారు, వాళ్ల పేర్లు కూతుళ్లు చెప్పారు. కొందరు నన్ను గుర్తుపట్టలేదు. ఒకామె మాత్రం, "నా పేరు వద్దు బిడ్డా. అది మా ఆయన కొట్టిన నాడు కట్టుకున్న పాట. పాట ఉండనియ్యి" అంది. ఆమె పేరు రాయలేదు. కానీ ఈసారి ఆ నిర్ణయం ఆమెది. ఇంతకుముందు ఆమెను నేను అడగనేలేదు.

అమ్మ పాట పెట్టేముందు అమ్మనూ అడిగాను. "పెట్టు. ఇంటిపేరు వద్దు, ఉత్త నా పేరు రాయి" అంది. ఆ రోజే నా కవితను కూడా మళ్లీ అందరికీ కనిపించేటట్టు తెరిచాను. ఈసారి నా భర్తకు ముందే చెప్పాను. కాసేపు ఆలోచించి "నీ ఇష్టం" అన్నాడు. కవిత కింద, ఆనాటి ఫోటోలోంచి నేను తీసేసిన రెండు వస్తువుల పేర్లూ రాశాను.

పెద్దావిడ మళ్లీ ఫోను చేసింది. చేస్తుందని తెలుసు. "ఇది ఇంటి ముచ్చట కాదు పెద్దత్తమ్మా, నా ముచ్చట" అన్నాను. నా గొంతు వణుకుతూనే ఉంది. అవతల చాలాసేపు మాట లేదు. పెట్టేసిందేమో అనుకున్నాను.

"మాత్రలు యేసుకుంటున్నవా మరి?" అని అడిగింది.