మూతవడిన అంగళ్లు



మా చెల్లెలు వ్యాపారవ్యూహమును గూర్చి పరిశోధనము చేయుచున్నది. పోటీ నడుమ ఒక వర్తకుడు నిలుచుటకును వేరొకడు కూలుటకును కారణమేమని విచారించుట ఈ శాస్త్రమునకు పని. ఆ మాట మొదట వినినప్పుడు, చిన్ననాట అమరములో వల్లించిన సంధి, విగ్రహము, యానము మున్నగు షడ్గుణములు మాకు స్మరణకు వచ్చినవి. ఎవనితో కలియవలెను, ఎవనిపై పోవలెను, ఎప్పుడు కదలక కూర్చుండవలెను అను ప్రశ్న రాజులదైన నేమి, షావుకార్లదైన నేమి, ఒక్కటియే కదా!

ఈ విద్యవారు ఏటేట సభలు జరుపుకొందురు. 1936లో అమెరికాయందు వెలసిన అకాడమీ ఆఫ్ మేనేజ్‌మెంట్ అను పరిషత్తు 2025లో తొలిసారిగా ఆ ఖండమును దాటి కోపెన్‌హాగెనులో తన వార్షికసభ నడపెను. అట్టివానికి వేలకొలది జనులు వత్తురు. మా చెల్లెలు పోయినది అంత పెద్దది కాదు. హైదరాబాదులో మూడునాళ్లు జరిగిన సభ. ఆమెకు ఎనిమిది మాసముల పసివాడున్నందున, మావారు బడి పరీక్షలలో మునిగియున్నను, మేము వెంట పోయితిమి. బిడ్డను పరుండబెట్టుటకు గదియైన లేని ఆ భవనములో మేము బాలుని చంకనిడుకొని తలుపు ప్రక్కనే కూర్చుంటిమి. మెడలో వ్రేలాడు పేరుచీటిలో ఏ విద్యాలయమో చదివి, పిమ్మట ముఖము చూచువారిని అచ్చట చూచితిమి. పెండ్లిండ్లలో నగలు చూచిన పిదప పలుకరించు మనవారికి ఇది క్రొత్త గాదు.

చెల్లెలి విషయము మంగళగిరి చేనేత వర్తకులు. వారు నూలిచ్చి మగ్గములపై నేయించి అమ్ముకొందురు. 40 అంగళ్లు తిరిగి ఆమె లెక్కలు వ్రాసికొనెను. పెద్ద కంపెనీలతో పొత్తు కుదుర్చుకొనినవారే మేలుగా నున్నారని ఆమె తేల్చినది. అది వట్టి పుస్తకపు మాట గాదు. కంపెనీ కాగితముపై తన కుమారుడు సంతకము చేయవచ్చునా యని ఒక వృద్ధవర్తకుడు ఆమె నడిగియుండెను. సభనుండి రాగానే చెప్పుదునని ఆమె మాట యిచ్చినది.

ఒక్కొక్క పత్రమునకు 15 నిమిషములు. చెల్లెలు తడబడక చదివెను. అంతట ముందువరుసలోని ఒక వృద్ధురాలు, ఆచార్యురాలట, లేచి, "అమ్మా, నీవు చూచిన 40 అంగళ్లును నేడు తెరచియున్నవే. పొత్తు పెట్టుకొని మూతవడినవి ఎన్ని?" అని యడిగెను. "ఆ లెక్క నాయొద్ద లేదండి" అని చెల్లెలు మెల్లగా ననెను.

పదిమంది ఏరు దాటబోయి ఆరుగురు కొట్టుకొనిపోయినారనుకొనుడు. ఆవలియొడ్డు చేరిన నలుగురినే అడిగినచో ఏరు లోతు లేదనియే చెప్పుదురు. పొత్తు కొందరిని పైకెత్తి మరికొందరిని నిలువున ముంచునదైనచో, మునిగినవారు లెక్కకే రారు గనుక, అపాయపు దారి రాచబాటవలె కానవచ్చును. జెర్కర్ డెన్రెల్ అను పండితుడు 2003లో దీనినిగూర్చియే వ్యాసము వ్రాసెనట. అంగడి వీథులలో అమ్ముడుపోవు విజయగాథల పుస్తకములను తలచుకొనిన మాకు నవ్వు వచ్చినది.

ఆ రాత్రి చెల్లెలు అన్నము ముట్టలేదు. "అక్కా, ఆ ముసలాయనకు ఏమి చెప్పుదును?" అనుటయే. పత్రమునకు కలిగిన లోపముకంటె ఆ మాటయే ఆమెను బాధించినది. మాకు మాత్రము ఆ మూడునాళ్లలో సార్థకమైనవి ఆ రెండు నిమిషములే యనిపించినది. పొగడినవారు మరునాటికి మరచిరి. ఆ వృద్ధురాలు మాత్రము ఉదయమే తానుగా వచ్చి, గంటసేపు కూర్చుండి, మూతవడిన అంగళ్లను వెదకు తెరవులు చెప్పెను: రద్దయిన జీఎస్‌టీ నమోదులు, పాత అద్దె చీట్లు, నూలు వర్తకుల బాకీ పద్దులు. ఆమె మాటలాడుచున్నంతసేపు పసివాడు ఆమె కండ్లజోడుతో ఆడుకొనెను.

అచ్చటనుండియే చెల్లెలు మంగళగిరికి ఫోను చేసి, "తాతగారూ, ఇప్పుడే సంతకము చేయవద్దు, దసరా పిమ్మట చెప్పుదును" అనెను.

ఒక నూలు వర్తకుని పద్దులో 11 అంగళ్ల పేర్లు దొరకినవి. ఏడింటివారు ఊరు విడిచిరట. మిగిలిన నాలుగిండ్లకు దసరా సెలవులలో మేమును ఆమె వెంట పోవుచున్నాము. బాకీల మాట మగవారు క్రొత్తవారికి చెప్పరు. వంటింటి గడపకడ కూర్చుండి పలుకరించిన ఆడువారు చెప్పుదురేమో.